కోపం వెనక నొప్పి ఉందేమో ముందు చూడండి: పెంపుడు జంతువుల డాక్టర్‌తో ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దురద, వాంతులు, జుట్టు రాలడం గురించి కాదు, "మా కుక్క ఈ మధ్య మారిపోయింది డాక్టర్ గారూ", "మా పిల్లి మొండికేస్తోంది" ఇలాంటివే, అందుకని ఈ నెల పేజీ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నా.

పటమట, విజయవాడ నుంచి ఒక తల్లి: మా లాబ్రడార్‌కి ఆరేళ్లు. పిల్లాడు తోక పట్టి లాగినా ఊరుకునేది, నెల రోజుల నుంచి నడుం మీద చెయ్యేస్తే గుర్రుమంటోంది. నిన్న మా ఎనిమిదేళ్ల బాబు సోఫాలో దాని పక్కన కూర్చోబోతే చెయ్యి మీద పన్ను దిగింది, చిన్న గాటే. మావారు కంకిపాడు దగ్గర తోట ఉన్న వాళ్లకి ఇచ్చేద్దామంటున్నారు. ఒక ట్రైనర్ వచ్చి చూసి, ఇది మిమ్మల్ని లోకువ కట్టింది, వెల్లకిలా పడేసి నొక్కి పట్టుకుంటే బాస్ ఎవరో తెలుస్తుంది అన్నాడు. ట్రైనర్‌ని పెట్టుకోమంటారా, డాక్టర్‌కి చూపించమంటారా?

అమ్మా, కుక్క సంగతి తర్వాత, ముందు బాబు చెయ్యి. గాటు చిన్నదైనా సరే, రక్తం వచ్చినా రాకపోయినా సరే, సబ్బు పెట్టి కుళాయి నీళ్ల ధార కింద పావుగంట సేపు కడగాలి, కడగకపోయి ఉంటే ఇప్పుడైనా కడగండి. కారం, పసుపు, సున్నం ఏవీ పెట్టొద్దు. ఇవాళే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి చూపించండి, అక్కడ కుక్కకాటు టీకా ఉచితంగానే వేస్తారు, చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజుల్లో వేస్తారు, గాటుని బట్టి ఇంకో ఇంజెక్షన్ కూడా కావాలేమో వాళ్లే చెప్తారు. మన ఇంటి కుక్కే కదా, దానికి టీకా వేయించాం కదా అని ఇంట్లోనే తేల్చేయకండి, ఆ కార్డు తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి, నిర్ణయం ఆయన్ని తీసుకోనివ్వండి. కుక్కని పది రోజులు కళ్లెదుటే ఉంచుకుని గమనించాలి, అందుకోసమైనా ఇప్పుడు తోటకి పంపకూడదు. ఒకవేళ దానికి ఏటా వేయించాల్సిన రేబిస్ టీకా తప్పిపోయి ఉంటే ఆ మాట ఆసుపత్రిలోనూ, పశువుల డాక్టర్ దగ్గరా మొదటే చెప్పండి, ఎందుకంటే టీకా లేని కుక్క ఉన్నట్టుండి మారిపోతే అన్నిటికంటే ముందు ఆలోచించాల్సింది రేబిసే.

ఇప్పుడు కుక్క. మీరు రాసిన దాంట్లో నాకు కొట్టొచ్చినట్టు కనపడింది "నడుం మీద చెయ్యేస్తే" అన్న ముక్క. ఆరేళ్లు మెత్తగా ఉన్న కుక్క నెల రోజుల్లో మారిందంటే దానికి అహంకారం వచ్చిందని నేను అనుకోను, దానికి ఎక్కడో నొప్పి పుడుతోందేమో అనుకుంటా. లాబ్రడార్లలో తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం చాలా మామూలు, పైగా మన ఇళ్లల్లో నున్నటి టైల్స్ మీద కాళ్లు జారుతూ నడుస్తాయి, అన్నం ఎక్కువ పెట్టి బరువు పెంచేస్తాం, ఐదారేళ్లు వచ్చేసరికి ఆ కీలు అరిగి నొప్పెట్టడం మొదలవుతుంది. కుక్క కుంటితేనే నొప్పి అనుకుంటారు చాలామంది, రెండు వైపులా నొప్పి ఉన్న కుక్క ఏ కాలు కుంటాలో తెలియక మామూలుగానే నడుస్తుంది, లేచేటప్పుడు మాత్రం కాస్త ఆలస్యం చేస్తుంది, మెట్లెక్కడానికి ఆలోచిస్తుంది, కారులోకి దూకడం మానేస్తుంది. ఇవి ఉన్నాయేమో గుర్తు చేసుకోండి. సోఫాలో పడుకున్న దాని పక్కన బాబు ధభీమని కూర్చోబోతే నడుం కదులుతుంది, నొప్పి వస్తుందని దానికి ముందే తెలుసు, అందుకే నోరు పెట్టింది.

తుంటి ఒక్కటే కాదు. లాబ్రడార్‌ది వేలాడే చెవి, కృష్ణ ఒడ్డున మన ఉక్కకి లోపల తడి ఆరక ఇన్ఫెక్షన్ పట్టేస్తుంది, తల దగ్గరకి చెయ్యి రానివ్వదు. పన్ను విరిగి ఉండొచ్చు. గోమార్లు, అదే పిడుదులు పట్టిన కుక్కకి టిక్ ఫీవర్ వచ్చి ఒళ్లు నొప్పులతో, నీరసంతో చిరాగ్గా ఉండొచ్చు, మన దగ్గర ఇది ఏడాది పొడుగునా చూస్తూనే ఉంటాం. థైరాయిడ్ తగ్గి ఉండొచ్చు, చూపు మందగించి పక్కకొచ్చింది ఎవరో కనపడక ఉలిక్కిపడి ఉండొచ్చు. ఇంకో సంగతి ఎవరూ అడగరు, దురదకని ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నారా? వాటితో ఆకలి పెరగడమే కాదు, కొన్ని కుక్కల్లో చిరాకు కూడా పెరుగుతుంది, గిన్నె దగ్గరకొస్తే గుర్రుమంటాయి. వాడుతుంటే మీ అంతట మీరు టక్కున ఆపకండి, డాక్టర్‌కి చెప్పి మెల్లగా తగ్గించాలి.

కాబట్టి మీ ప్రశ్నకి సమాధానం, ముందు డాక్టర్. డాక్టర్ ఒళ్లంతా నొక్కి చూస్తారు, చెవిలో లైటు వేసి చూస్తారు, రక్తం తీస్తారు, అవసరమైతే మత్తిచ్చి తుంటి ఎక్స్‌రే తీస్తారు. ఒక్కోసారి ఎక్స్‌రేలో ఏమీ తేలదు, అప్పుడు కొన్ని వారాలు కుక్కలకి పనికొచ్చే నొప్పి మందు ఇచ్చి చూడొచ్చు, మందు మీద ఉన్నన్నాళ్లూ గుర్రుమనడం తగ్గితే సమస్య నొప్పేనని తేలినట్టు. ఈ మాట మీరే గుర్తుచేసి అడగండి, ఏం తప్పులేదు. అంతేగానీ ఇంట్లో ఉన్న బ్రూఫెన్ మాత్ర విరిచి వేయకండి, కుక్కకి కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి.

ఇక ఆ ట్రైనర్ చెప్పింది. కుక్కని వెల్లకిలా నొక్కిపెట్టడం అన్న ఆలోచన ఎక్కడిదంటే, 1947లో జూలో బంధించిన తోడేళ్లని చూసి ఒక శాస్త్రవేత్త రాసిన దాంట్లోంచి వచ్చింది, ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లని ఒకే చోట కుక్కితే అవి పెత్తనం కోసం కొట్టుకున్నాయి. అలా గుంపు మీద పెత్తనం చేసే తోడేలుని ఆల్ఫా అన్నారు, ఆ మాటని 1970లో తన పుస్తకంతో బాగా ప్రచారంలోకి తెచ్చిన డేవిడ్ మీచ్ అనే శాస్త్రవేత్తే తర్వాత అడవిలో తోడేళ్లని ఏళ్ల తరబడి గమనించి, 1999లో ఇది సరికాదు, అడవిలో తోడేళ్ల గుంపంటే అమ్మా నాన్నా పిల్లలూ ఉండే కుటుంబమే అని రాశారు. చెప్పిన మనిషే వెనక్కి తీసుకున్న మాటని మన దగ్గర ఇంకా రీల్స్‌లో చూసి ఇంటింటికీ అమ్ముతున్నారు, ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది ఎందుకంటే దెబ్బలు తినేది నోరులేని జీవి. తుంటి నొప్పి ఉన్న కుక్కని పడేసి నొక్కితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి, ఈసారి కాటు లోతుగా పడుతుంది, అది కూడా మీ మొహం దగ్గర.

గుర్రుమన్నందుకు కొట్టొద్దు, తిట్టొద్దు కూడా. గుర్రుమనడం అంటే అది "దగ్గరకి రావొద్దు" అని మనకి ముందుగా చెప్పడం, ఆ చెప్పడాన్ని దెబ్బలతో మాన్పిస్తే కుక్క బాగుపడదు, చెప్పకుండా కరిచే కుక్క తయారవుతుంది. గుర్రుమంటే మీరే వెనక్కి తగ్గండి, ఎప్పుడు ఎక్కడ అందో కాగితం మీద రాసుకోండి.

డాక్టర్ చూసేదాకా బాబునీ దాన్నీ ఒకే గదిలో పెద్దవాళ్లు లేకుండా వదలొద్దు. సోఫా మీద కాకుండా కింద మెత్తటి పరుపు వేసి దానికంటూ ఒక మూల ఇవ్వండి, అక్కడికి బాబు వెళ్లకూడదు అంతే. మూతికి తొడిగే మజిల్, బుట్టలాగా ఉండేది కొనండి, దాంట్లో నోరు తెరిచి రొప్పగలదు, నీళ్లు తాగగలదు, గుడ్డతో బిగించే రకం వద్దు, మన ఎండలకి ఊపిరాడదు. మజిల్‌ని ఒక్కసారిగా తొడగకుండా దాంట్లో పెరుగన్నమో చికెన్ ముక్కో పెట్టి తనంతట తనే మూతి పెట్టేలా కొన్నాళ్లు అలవాటు చేయండి. తోటకి ఇచ్చేయడం గురించి మీవారికి నా మాటగా చెప్పండమ్మా, నొప్పితో ఉన్న కుక్క కంకిపాడు వెళ్లినా నొప్పితోనే ఉంటుంది, అక్కడ పిల్లలుంటే వాళ్లని కరుస్తుంది. వైద్యం చేయించి, అప్పటికీ ఇంట్లో పిల్లాడికి ప్రమాదమే అనిపిస్తే అప్పుడు డాక్టర్‌తో కూర్చుని మాట్లాడుకోవచ్చు, ఆ మాట మాట్లాడుకోవడం తప్పు కాదు, కానీ అది మొదటి మెట్టు కాకూడదు.

బ్రాడీపేట, గుంటూరు నుంచి రిటైర్డ్ మాస్టారు: మా మగ పిల్లి ఎప్పుడూ మట్టి ట్రేలోనే వెళ్లేది. మూడు రోజులుగా పరుపు మీద, బాత్రూమ్ గుమ్మం దగ్గర చుక్క చుక్క పోస్తోంది, ట్రేలో చాలాసేపు కూర్చుని అరుస్తోంది. పగబట్టి చేస్తోందని మా ఆవిడ అంటోంది. ఎలా మాన్పించాలి?

మాస్టారూ, ఈ పత్రిక మీ చేతికి వచ్చేదాకా ఆగే విషయం కాదని మీకు ఫోన్ చేయించాం, మిగతా పాఠకుల కోసం ఇక్కడ రాస్తున్నా. మగ పిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతోంది, అరుస్తోంది, చుక్కలే వస్తున్నాయి లేదా అసలు రావట్లేదు అంటే అది అలవాటు చెడిపోవడం కాదు, మూత్రం దారి మూసుకుపోతుండొచ్చు. మగ పిల్లికి ఆ గొట్టం చాలా సన్నం, ఇసకలాంటి స్ఫటికాలో జిగురో అడ్డం పడితే పూర్తిగా బిగుసుకుంటుంది, ఒకట్రెండు రోజుల్లో కిడ్నీలు దెబ్బతిని, రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది. అర్ధరాత్రైనా సరే డాక్టర్‌ని లేపాల్సిన కేసుల్లో ఇది ఒకటి. నొప్పికని పారాసెటమాల్ మాత్రం వేయకండి, పిల్లికి ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు.

పగబట్టడం అన్నది పిల్లికి లేదండి. ట్రేలో పోస్తుంటే మంట పుట్టింది, కాబట్టి దానికి ట్రే అంటేనే భయం పట్టుకుంది, మెత్తటి పరుపు మీద బాగుంటుందేమోనని చూస్తుంది. జబ్బు తగ్గాక కూడా ఆ భయం కొన్నాళ్లు ఉంటుంది, అప్పుడు కొత్త ట్రే, కొత్త చోటు, సెంటు వాసన లేని మట్టి పెట్టి చూడండి, ఎన్ని పిల్లులుంటే అంతకి ఒకటి ఎక్కువ ట్రేలు ఉండాలి. ఇంట్లో కొత్త మనుషులు రావడం, రంగులు వేయించడం, కిటికీ బయట ఇంకో పిల్లి తిరగడం, వీటి ఒత్తిడి వల్ల కూడా పిల్లి మూత్రాశయం వాచిపోతుంది, కాబట్టి ఈ మధ్య ఇంట్లో ఏం మారిందో డాక్టర్‌కి చెప్పండి. నీళ్లు ఎక్కువ తాగేలా తడి ఆహారం పెట్టండి, ఉత్త డ్రై ఫుడ్ మీద పెంచొద్దు.

కానూరు నుంచి ఒక ఉద్యోగిని: మేమిద్దరం పొద్దున వెళ్తే సాయంత్రం వస్తాం. మా బీగిల్ రోజంతా మొరుగుతోందని అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నోటీసు ఇచ్చింది, లిఫ్ట్‌లో కూడా తీసుకెళ్లొద్దంటున్నారు. డాక్టర్ దగ్గరకి వెళ్తే నిద్రమాత్ర ఇస్తారా?

నిద్రమాత్ర కాదమ్మా, కానీ మందుల దాకా వెళ్లాల్సి రావొచ్చు, ముందు అది ఎందుకు మొరుగుతోందో తేలాలి. పాత ఫోన్ ఒకటి హాల్లో పెట్టి మీరు తలుపేసుకుని వెళ్లిన మొదటి గంట వీడియో తీయండి, ఇది వెయ్యి మాటల కంటే డాక్టర్‌కి ఎక్కువ పనికొస్తుంది. మీరు వెళ్లిన మొదటి అరగంటలోనే ఊళపెట్టడం, తలుపు గీకడం, చొంగ కార్చడం, ఎప్పుడూ లేనిది ఇంట్లో మూత్రం పోయడం కనపడితే అది ఒంటరి భయం, అంటే మీరు లేకపోతే దానికి గుండె దడ. అలా కాకుండా హాయిగా పడుకుని, డెలివరీ కుర్రాడు లిఫ్ట్ దిగినప్పుడల్లా లేచి అరిచి మళ్లీ పడుకుంటుంటే అది వేరు, తలుపు దగ్గర్నుంచి దాని చోటు లోపలి గదికి మార్చి, ఫ్యానో టీవీనో వేసి ఉంచి, పొద్దున ఐదున్నరకే బాగా నడిపిస్తే చాలావరకు తగ్గుతుంది. మే నెలలో ఎండకి భయపడి నడకే మానేస్తారు మన దగ్గర, వాసన పట్టుకుని మైళ్లు తిరగడానికి పుట్టిన బీగిల్‌ని రెండు గదుల్లో మూసేస్తే ఆ బలమంతా గొంతులోకి వస్తుంది.

ఒంటరి భయమే అయితే తిట్టడం, బోనులో పెట్టి తాళం వేయడం, మొరిగితే షాక్ కొట్టే కాలర్లు, ఇవన్నీ భయాన్ని రెట్టింపు చేస్తాయి. భయపడే పిల్లని కొట్టి ధైర్యం నేర్పలేం కదా. దీనికి అమెరికాలో కుక్కల కోసమే అనుమతి పొందిన మందులున్నాయి, క్లోమిప్రమిన్ 1998లో, ఫ్లూఆక్సెటిన్ 2007లో వచ్చాయి, మన డాక్టర్లు కూడా బరువుని బట్టి రాస్తారు. ఇవి మత్తు మందులు కావు, పని చేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, పది రోజులకే ఏం తేడా లేదని ఆపేసేవాళ్లే ఎక్కువ. మొదలుపెట్టే ముందు లివర్, కిడ్నీ రక్త పరీక్ష చేయించండి, ఆపేటప్పుడు కూడా డాక్టర్ చెప్పినట్టు మెల్లగానే. మందు ఒక్కటే చాలదు, దాంతో పాటు సాధన ఉండాలి, తాళాలు తీసి మళ్లీ పెట్టేయడం, చెప్పులేసుకుని ఇంట్లోనే కూర్చోవడం, తలుపు అవతలికి వెళ్లి కొన్ని సెకన్లలో తిరిగి రావడం, అది కంగారు పడకముందే వచ్చేయాలి, అలా అలా పెంచుకుంటూ పోవాలి. ఈ కొన్ని నెలలు పగలు దాన్ని మొత్తంగా ఒంటరిగా వదలకుండా అమ్మగారి దగ్గరో, ఇంట్లో ఉండే పొరుగువాళ్ల దగ్గరో ఉంచగలిగితే సగం పని అయినట్టే.

నోటీసు సంగతి, జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అసోసియేషన్‌లో మెజారిటీ ఉన్నా పెంపుడు జంతువుల్ని నిషేధించడానికి లేదు, లిఫ్ట్ వాడొద్దనడానికీ లేదు. అది మర్యాదగా చెప్పండి, కానీ పక్కింట్లో రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే మనిషి ఉంటే వాళ్ల బాధా నిజమే. డాక్టర్ రాసిన చీటీ కాపీ ఒకటి ఇచ్చి, వైద్యం నడుస్తోంది, రెండు మూడు నెలలు ఓపిక పట్టండి అని అడిగితే ఎక్కువమంది సరే అంటారు.

అరండల్‌పేట, గుంటూరు నుంచి ఇంటర్ చదివే అబ్బాయి: దీపావళికి మా కుక్క మంచం కింద దూరి వణికిపోతుంది. పోయినేడు తెలిసినవాళ్లు ఒక మాత్ర ఇస్తే వేశాం, కదలకుండా పడుకుంది. మళ్లీ అదే వేయొచ్చా?

తమ్ముడూ, ఆ మాత్ర పేరు ఏసిప్రొమజిన్ అయితే వద్దు. అది ఒంటిని పడుకోబెడుతుంది గానీ భయాన్ని తీయదు, చెవులు అన్నీ వింటూనే ఉంటాయి, పారిపోదామంటే కాళ్లు కదలవు. నిశ్చింతగా ఉంది అనుకుంటాం, లోపల నరకం పడుతుంటుంది, మరుసటి ఏడాదికి భయం ఇంకా పెరుగుతుంది. భయాన్నే తగ్గించే మందులు వేరే ఉన్నాయి, ట్రాజొడోన్, గాబాపెంటిన్ లాంటివి, టపాసులు మొదలవడానికి గంటా రెండు గంటల ముందే వేయాలి, పండగకి కొన్ని రోజుల ముందు ఒక మామూలు రోజున డాక్టర్ చెప్పిన మోతాదు వేసి ఎలా ఉందో చూసుకోవాలి. మెడికల్ షాపులో మనుషుల సిరప్ కొనకు, కొన్నిటిలో జైలిటాల్ అనే తీపి కలుపుతారు, అది కుక్కకి విషం.

వినాయక చవితి నిమజ్జనం నుంచే మనకి డీజేలూ టపాసులూ మొదలైపోతాయి కాబట్టి దానికి ముందే డాక్టర్ దగ్గరకి వెళ్లు. ఫోన్‌లో టపాసుల శబ్దం బాగా సన్నగా పెట్టి దానికి ఇష్టమైనది తినిపిస్తూ, రోజులు గడిచేకొద్దీ కొద్ది కొద్దిగా పెంచు, చెవులు వెనక్కి పెడితే తగ్గించు. ఆ రాత్రి లోపలి గదిలో కిటికీలు మూసి, దాని పక్కనే కూర్చో, నిమరమంటే నిమురు. భయపడ్డప్పుడు దగ్గరకి తీసుకుంటే భయం అలవాటవుతుందని చెప్తారు, అది నిజం కాదు. మెడ పట్టీకి మీ నంబర్ కట్టు, తప్పిపోయే కుక్కలు ఆ రాత్రి చాలా ఉంటాయి.

కొరిటెపాడు, గుంటూరు నుంచి: మా పామరేనియన్‌కి పదమూడేళ్లు. రాత్రంతా ఇల్లంతా తిరుగుతుంది, గోడ మూల నిలబడి ఉండిపోతుంది, ఇంట్లోనే పోస్తోంది. ముసలితనమే కదా, ఏం చేయగలం?

చేయగలం. మనుషుల్లో మతిమరుపు జబ్బులాంటిదే కుక్కల్లోనూ ఉంది, కానీ ఆ పేరు పెట్టే ముందు కిడ్నీ, షుగర్, బీపీ, కళ్లు, చెవులు, పళ్లు చూడాలి, వీటిలో ఏది చెడినా ఇలాగే కనపడుతుంది. మతిమరుపే అని తేలితే సెలెజిలిన్ అనే మందు ఉంది, పూర్తిగా నయం కాదు గానీ కొన్నిటికి రాత్రి నిద్ర తిరిగొస్తుంది. సామాన్లు చోటు మార్చకండి, రాత్రి చిన్న లైటు ఉంచండి, పగలు కాస్త తిప్పండి, పోసినందుకు కోప్పడకండి.

భవానీపురం, విజయవాడ నుంచి: ప్రవర్తనకి స్పెషలిస్ట్ డాక్టర్లు ఉంటారట కదా, మన దగ్గర ఎవరి దగ్గరకెళ్లాలి, ఎంతసేపు పడుతుంది, ఏం తీసుకెళ్లాలి?

అమెరికాలో 1993 నుంచి పశువైద్యంలో దీన్ని ఒక ప్రత్యేక విభాగంగా పెట్టారు. మన ఊళ్లో మాత్రం మీ కుక్కకి ఎప్పుడూ టీకాలు వేసే డాక్టర్ దగ్గరే మొదలవ్వాలి, అది లోపమేం కాదు, సగం సమస్యలు ఒంట్లోనే ఉంటాయి కాబట్టి ఆయనే సరైన మనిషి. పెద్ద పరీక్షలు కావాలంటే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, అక్కడి ఆసుపత్రిలో వేర్వేరు విభాగాల డాక్టర్లు చూస్తారు, పొద్దున్నే వెళ్లండి. ఊరి బయట స్పెషలిస్ట్‌తో వీడియోలో మాట్లాడినా ఒళ్లు తడిమి చూసి రక్తం తీయడానికి ఇక్కడి డాక్టర్ కావాల్సిందే, ఇద్దర్నీ ఒకరితో ఒకరు మాట్లాడుకోమని అడగండి. డాక్టర్ అంటే వెటర్నరీ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయిన మనిషి, ట్రైనర్‌కి అలాంటిదేం అక్కర్లేదు, ఎవరైనా బోర్డు పెట్టొచ్చు, అందుకని ట్రైనర్‌ని పెట్టుకునే ముందు ఒక్క ప్రశ్న అడగండి, "తప్పు చేస్తే మీరేం చేస్తారు?" అని. గొలుసు గుంజుతా, ముళ్ల కాలర్ వేస్తా, రెండు దెబ్బలేస్తా అంటే నమస్కారం పెట్టి పంపేయండి. మందు మోతాదు చెప్పే ట్రైనర్ని కూడా.

తీసుకెళ్లాల్సినవి, టీకా కార్డు, ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు, రెండు మూడు వీడియోలు. వీడియో కోసం మళ్లీ కుక్కని రెచ్చగొట్టకండి, మామూలుగా నడిచేది, లేచేది, తినేది తీసినా చాలు. ఒక కాగితం మీద రాసుకోండి, ఎప్పుడు మొదలైంది, ఏ టైమ్‌లో, ఎవరున్నప్పుడు, దానికి ముందు ఏం జరిగింది, మీరేం చేశారు. ఇంట్లో దాన్ని కొట్టేవాళ్లుంటే ఆ మాట దాచకండి, మేం తీర్పు చెప్పడానికి కూర్చోలేదు, కారణం వెతకడానికి కూర్చున్నాం.

మామూలు ఓపీలో పది మంది క్యూలో ఉండగా ఈ సంగతి తేలదు, కనీసం ముప్పావుగంట కావాలి. కాబట్టి ముందు రోజే ఫోన్ చేసి, ఇది టీకా కోసం కాదు, ప్రవర్తన గురించి, కరిచే అవకాశం ఉంది, రద్దీ లేని టైమ్ ఇవ్వండి అని చెప్పండి. మధ్యాహ్నం ఓపీ అయ్యాకో, సాయంత్రం చివర్లోనో ఇస్తారు. వెళ్లాక కుక్కని లోపల జనం మధ్య కూర్చోపెట్టకుండా కారులోనో ఆటోలోనో ఉంచి, మీ వంతు వచ్చాక నేరుగా గదిలోకి తీసుకెళ్లండి.